తేనెటీగ విషం నుంచి మందు తీయాలంటే ఏం చదవాలి?

పొదలకూరు నుంచి ఒక తండ్రి ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేశాడు. నిమ్మతోటలో తేనెపెట్టెలు ఉన్నాయి. ఈగల విషాన్ని శుద్ధి చేసి మందుల కంపెనీలకు ఇచ్చే పని నేర్పే చదువు ఉందా? విషం తీసే యంత్రం ఇప్పుడే కొనమంటారా?

యంత్రం ఇప్పుడే కొనకండి. పెట్టె దగ్గర గాజుపలక పెట్టి, దానిమీది తీగల్లో స్వల్పంగా కరెంటు పంపితే ఈగలు పలకను కుడతాయి. ముల్లు గాజులో దిగదు కాబట్టి చావవు. విషం పలకమీదే ఆరిపోతుంది, బ్లేడుతో గీకుతారు. ఒక్కో ఈగ నుంచి వచ్చేది సుమారు 0.1 మిల్లీగ్రామే. గ్రాము కావాలంటే పదివేల ఈగలు కుట్టాలి. అందులోనూ పుప్పొడి, ఈగల రెట్ట కలిసే ఉంటాయి. అది ముడిసరుకే.

అసలు ఉద్యోగం ఆ తర్వాత ఉంది. ఎండు విషంలో దాదాపు సగం మెలిటిన్, పదో వంతు ఫాస్ఫోలైపేజ్ ఎ2 ఎంజైము, రెండు మూడు శాతం అపామిన్. మెలిటిన్, అపామిన్ రెండూ పెప్టైడ్లు, అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసులు. పొడిని నీటిలో కరిగించి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకట్టి, సి18 కాలమ్ (పదార్థాలను పట్టి వదిలే పొడి నింపిన గొట్టం) ఉన్న హెచ్‌పీఎల్‌సీలోకి, అంటే మిశ్రమాన్ని విడదీసే యంత్రంలోకి ఎక్కిస్తారు. అందులో పారే అసిటోనైట్రైల్ అనే ద్రావకం శాతం పెంచుతూ పోతే అపామిన్ ముందు, ఎంజైము తర్వాత, మెలిటిన్ చివర్న బయటికొస్తాయి. కొత్తవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. 280 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని పీల్చుకునే ట్రిప్టోఫాన్, టైరోసిన్ అనే అమైనో ఆమ్లాలు అపామిన్‌లో లేవు. డిటెక్టర్‌ను 280 నానోమీటర్ల దగ్గర పెడితే అది దాదాపు కనిపించదు, 220 దగ్గర పెట్టాలి. అసిటోనైట్రైల్‌ను తొందరపడి పెంచితే చివరి రెండు పీకులూ (గ్రాఫులో ఒక్కో పదార్థానికి వచ్చే శిఖరాలు) కలిసిపోతాయి. మెలిటిన్‌లో ఆ ఎంజైము రవ్వంత మిగిలినా కణాలమీద చేసే పరీక్ష తప్పు చెబుతుంది, రెండూ కలిస్తే కణపొరను ఇంకా గట్టిగా దెబ్బతీస్తాయి మరి. అందుకే అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో మెలిటిన్‌కు ఉండాల్సిన 2,846 డాల్టన్ల బరువు సరిచూశాకే ఫ్రీజ్ డ్రై చేసి (గడ్డకట్టించి తేమ తీసి) మైనస్ 20 డిగ్రీల్లో దాస్తారు.

కాబట్టి బాబుకి కావాల్సింది కెమిస్ట్రీ పునాది. డిగ్రీలో కెమిస్ట్రీ లేదా బయోకెమిస్ట్రీ తీసుకోవచ్చు. ఈఏపీసెట్ రాసి బీఫార్మసీలో చేరినా మంచిదే. పీజీకి కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీ దగ్గరే ఉంది. బయటికి వెళ్లాలనుకుంటే జామ్ (ఐఐటీల్లో ఎమ్మెస్సీకి), గాట్-బి (బయోటెక్నాలజీ పీజీకి) ప్రవేశపరీక్షలు చూడండి. విషం ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. మెలిటిన్ 26 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, ల్యాబుల్లో కృత్రిమంగానూ తయారు చేస్తున్నారు. హెచ్‌పీఎల్‌సీ మీద చెయ్యి తిరిగితే మాత్రం ఏ మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లోనైనా పని దొరుకుతుంది.

ఈగ కుట్టినప్పుడు అబ్బాయికి ఎప్పుడైనా ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వచ్చాయా? వస్తే ముందు అలర్జీ డాక్టరుకి చూపించండి. ఎండు విషం పొడి గాల్లో లేచి ముక్కులోకి పోతుంది. కాలేజీలో చేర్చేముందు ఒక్కటి అడగండి: హెచ్‌పీఎల్‌సీ పనిచేస్తోందా, విద్యార్థులతో శాంపిల్ ఎక్కించనిస్తారా?