"ఏ బ్రాంచి?" అని అడిగితే ఏం చెప్పాలి

ప్రశ్న: మాది వనస్థలిపురం. మా అమ్మాయికి 23 ఏళ్లు. బీకాం అయ్యాక ఏడాదిన్నరగా నానక్‌రామ్‌గూడలో ఒక పెద్ద అమెరికా బ్యాంకు ఆఫీసులో చేస్తోంది. చేతికి 38 వేలు వస్తాయి. సాయంత్రం క్యాబ్‌లో వెళ్లి తెల్లవారుజామున వస్తుంది. మొన్న ఐబీపీఎస్ పరీక్ష రాసి పీఓగా (ప్రొబేషనరీ ఆఫీసరుగా) ఒక ప్రభుత్వ బ్యాంకుకి ఎంపికైంది. చేరనంటోంది. పది రోజులుగా వాళ్ల నాన్న దాంతో మాట్లాడటం లేదు. ఆంధ్రా బ్యాంకులో మేనేజరుగా చేసి 2016లో రిటైరైన మా మరిది కూడా "అదసలు బ్యాంకు ఉద్యోగమే కాదు వదినా" అంటున్నారు. ఎవరైనా "మీ అమ్మాయిది ఏ బ్రాంచి?" అంటే మాకు నోట మాట రావడం లేదు. రెండు ఉద్యోగాలూ పోల్చి చెప్పగలరు.

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాన్న అలక ఉంది, బాబాయి తీర్పు ఉంది, చుట్టాల ఆరా ఉంది. అమ్మాయి ఎందుకు చేరనంటోందో మాత్రం ఒక్క ముక్క లేదు. అడిగారా? అడిగుంటే రాసేవారు.

ముందు ఆ "ఏ బ్రాంచి" సంగతి చూద్దాం. ఎల్బీ నగర్ నుంచి మియాపూర్ దాకా ఈ మాట ఎన్ని ఇళ్లలో విన్నానో. జేపీ మోర్గాన్, వెల్స్ ఫార్గో, బ్యాంక్ ఆఫ్ అమెరికా, హెచ్‌ఎస్‌బీసీ లాంటివాటికి మన ఊళ్లో వేలమంది పనిచేసే ఆఫీసులున్నాయి. అక్కడ కౌంటరుండదు, క్యాషుండదు, పాస్‌బుక్ ప్రింటింగు క్యూ ఉండదు. అందుకే మన కళ్లకి బ్యాంకులా ఆనదు.

మరి లోపల ఏం చేస్తారు? మీ అమ్మాయి పనేంటో మీరు రాయలేదు కాబట్టి, బీకాం పిల్లలకి ఎక్కువగా దొరికే పని ఒకటి చెబుతా. అమెరికాలో ఒక ఫండ్ షేర్లు కొంటుంది. కొన్నవాళ్ల లెక్కలో వెయ్యి, అమ్మినవాళ్ల లెక్కలో వంద. ఆ సున్నా ఎక్కడ జారిపోయిందో డబ్బు చేతులు మారేలోపు పట్టుకోవాలి. ఆ తేడాని వాళ్లు 'బ్రేక్' అంటారు, వెతికే పనిని 'రెకాన్' అంటారు. అమెరికాలో షేర్ల లావాదేవీ తేలడానికి ఇంతకుముందు రెండు పనిరోజులుండేవి. 2024 మే 28 నుంచి ఒక్కరోజే. ఆ తగ్గిన రోజు ఎవరి నిద్రలోంచి పోయిందో ఇలాంటి పిల్లల కళ్ల కింద చూస్తే తెలుస్తుంది. మార్చిలో అమెరికావాళ్లు గడియారం గంట ముందుకు తిప్పుకుంటే ఇక్కడ మన వీధిలోకి క్యాబ్ గంట ముందొస్తుంది.

ఒకరు ఎంట్రీ వేస్తే ఇంకొకరు చూసి పాస్ చేస్తారు. మీ మరిదిగారు సర్వీసంతా చేసిందీ అదేనని ఆయనకి చెప్పండి. కాబట్టి అది బ్యాంకు పనే.

ఇక్కడిదాకా అమ్మాయి తరఫున మాట్లాడాను. కానీ ఈ ఆఫీసుల మీద నాకు కొన్ని అనుమానాలున్నాయి, దాచను. అమీర్‌పేటలో ఇప్పుడు మూడు నెలల 'ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్' కోర్సు ఒక మోజు. పేరు వింటే కంపెనీలు కొని అమ్మే బేరాల్లో మన పిల్లలు కూర్చుంటారనిపిస్తుంది. ఆ బేరాలు ఎక్కువగా ముంబైలోనో న్యూయార్క్‌లోనో జరుగుతాయి. బేరం కుదిరాక మిగిలిన లెక్క ఇక్కడికొస్తుంది. లెక్క చూడటం తక్కువ పనేం కాదు. పేరు ఒకటి చెప్పి పని ఇంకోటి ఇవ్వడంతోనే నా పేచీ.

పెద్ద బ్యాంకంటే పని ముక్కలు ముక్కలుగా ఉంటుంది. నాలుగేళ్లు చేసి ఉద్యోగం మారదామని వచ్చిన ఒకబ్బాయిని "ఖాతా తెరిచేటప్పుడు బ్యాంకు ఏమేం చూసుకోవాలి?" అని అడిగాను. అడ్రస్ ప్రూఫ్ దగ్గర ఆగిపోయాడు. నాలుగేళ్లూ అతని తెర మీదికి వచ్చింది అదొక్కటే! జీతం పెరిగింది, మెడలో కార్డు మారింది, పని మాత్రం ఆ ఒక్క గడి దాటలేదు. రోజూ ఒకేలా తిరిగే పనిని రేపు మెషీన్‌కి అప్పగించడం తేలిక. అప్పుడు ఆ టీముకి ఒక మెయిల్ వస్తుంది, అంతే.

ఇంకోటి. ఆఫర్ లెటర్ బ్యాంకు వాళ్ల సొంత కంపెనీ పేరు మీద ఉందా, మనుషుల్ని సరఫరా చేసే కాంట్రాక్టు కంపెనీ పేరు మీదా? రెండూ ఒకే బిల్డింగు, ఒకే క్యాంటీన్. కోత పడితే మాత్రం రెండూ ఒకటి కాదు. అమ్మాయి లెటర్ ఒకసారి తీసి చూడండి.

ఇప్పుడు మీ ఇంట్లో అందరూ కలలుగనే వైపు. మీ మరిదిగారు చేరిన బ్యాంకు 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు బందరులో పెట్టింది. హెడ్డాఫీసు సైఫాబాద్. బ్రాంచీలు ఎక్కువగా మనవైపే కాబట్టి బదిలీ అన్నా తెలుగు వినపడే ఊరికే పడే వీలుండేది. అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అంతకు మూడేళ్ల ముందే ఎస్‌బీఐలో కలిసింది. 2010 ఏప్రిల్ తర్వాత చేరినవాళ్లకి ఆయన తీసుకునే పాత పెన్షన్ లేదు, ఎన్‌పీఎస్సే (నేషనల్ పెన్షన్ సిస్టమ్). అంటే ఆయన చేసిన ఉద్యోగం ఇప్పుడు మీ అమ్మాయికే కాదు, ఎవరికీ దొరకదు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, తన కాలం సంగతి చెబుతున్నారు.

నేను కూడా ఈ కౌన్సెలింగ్ పనిలోకి రాకముందు ఒక బ్యాంకులో తొమ్మిదేళ్లు చేశాను. పేరు వద్దు. స్ట్రాంగ్‌రూమ్‌కి రెండు తాళాలు, ఇద్దరి దగ్గర చెరొకటి. ఇద్దరూ నిలబడితేనే తెరుచుకుంటుంది. రెండో తాళం నాది. ఒళ్లు కాలిపోతున్న జ్వరంతో బస్సెక్కి వెళ్లి, తాళం తిప్పి, మేనేజరు గదిలో బెంచీ మీద పడుకున్న రోజుంది. దానికి నేను బాధపడను, అది బాధ్యత. బాధపడేది వేరే. ఒక మార్చి నెలాఖరున పంట రుణం రెన్యూవల్‌కి వచ్చిన పెద్దాయనకి ఇన్సూరెన్స్ పాలసీ అంటగట్టాను, పైనుంచి గంటగంటకీ ఫోన్లు వస్తున్నాయని. "మేడం చెప్తున్రు గదా" అని చదవకుండా సంతకం పెట్టిండు. ఆ కాగితం ఇంకా నా కళ్లముందుంది.

ఇలాగని పీఓ ఉద్యోగం వద్దనడం లేదు. బ్యాంకు జీతాల మీద 2024 మార్చిలో కుదిరిన ఒప్పందం ప్రకారం స్కేల్-1 ఆఫీసరు, అంటే పీఓ, మొదటి బేసిక్కే 48,480 రూపాయలు. పైన డీఏ, ఇంటి వసతి, తక్కువ వడ్డీకి స్టాఫ్ లోన్లు. డబ్బు లెక్కయితే ఇవాళ్టికి పీఓనే పైచేయి, సందేహం లేదు. రుణం ఇవ్వడం, వసూలు చేయడం, రోజూ మనుషుల్ని ఎదుర్కోవడం, అన్నీ నేర్పుతుంది. బదులుగా ఊరు అడుగుతుంది. కటక్ కావచ్చు, కోటా కావచ్చు.

ఒకమాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. సంబంధాలు చూస్తున్నారు కదా? బయోడేటాలో 'బ్యాంకు పీఓ' అంటే నిండుగా ఉంటుంది, 'నైట్ షిఫ్ట్' అంటే అవతలివాళ్లు మొహం చిట్లిస్తారు. మీరు పోల్చమన్నది రెండు ఉద్యోగాల్ని కాదు, ఆ రెండు మాటల్ని. ఆ నిండుతనం చూసి చేసుకుని, తర్వాత ఆయన ఇక్కడ, ఆమె ఒడిశాలో, బదిలీ కోసం అర్జీలు పెట్టుకుంటూ నా దగ్గరికి వచ్చే జంటలున్నాయి. వాళ్లనెవరూ ఏ బ్రాంచి అని అడగరు, ఎప్పుడొస్తున్నావనే అడుగుతారు.

మీ వారికి కూడా చెప్పండి. 23 ఏళ్ల పిల్ల రాత్రంతా పనిచేసి ఇంటికొస్తే తండ్రి మొహం తిప్పుకోవడం ఏ కౌన్సెలింగ్‌లోనూ లేదు. ఆ పిల్ల రాత్రి ఉద్యోగం చేసుకుంటూ పీఓ రాసి గెలిచింది. లక్షలమంది రాసే పరీక్ష అది. మీ ఇంట్లో అందుకు మిఠాయి పంచారా?

అంచేత భయపడకండి. తన పనితో తను నిలబడగల పిల్లే. ఉన్న ఆఫీసులోనే ఆర్నెల్లలో వేరే టీముకి, పగటి షిఫ్టుకి మారే దారి ఉందని ఆమె చెబితే ఉండనివ్వండి. పీఓ పరీక్షకి 30 ఏళ్ల దాకా వయసుంది, మళ్లీ రాయొచ్చు. మళ్లీ వస్తుందని మాత్రం నేను హామీ ఇవ్వలేను. దారి లేదు, ఆ ఒక్క గడే ఇంకో మూడేళ్లంటే చేరడమే మేలు. చేరేట్టయితే మధ్యలో మానేస్తే కట్టాల్సిన బాండు ఎంతో ముందే చదవాలి, బ్యాంకుకో రకంగా ఉంటుంది. ఇక్కడి నోటీసు పీరియడ్ చూసుకుని జాయినింగ్ తేదీ పొడిగించమని ఇప్పుడే మెయిల్ పెట్టమనండి.

ఈ ఆదివారం క్యాబ్ లేని సాయంత్రం ఆమెని కూర్చోబెట్టి ఒక్కటే అడగండి: "రాత్రంతా ఏం చేస్తావమ్మా, మాకు అర్థమయ్యేలా చెప్పు" అని. మీ వారు కూడా అక్కడే ఉండాలి, టీవీ కట్టేసి. ఆ తర్వాత ఇంకా సందేహముంటే నాకు రాయండి. ఈసారి ఉత్తరం అమ్మాయినే రాయమనండి.