విడిపోయిన జంటను మళ్లీ కలపవద్దు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన స్క్రిప్టును రెండుసార్లు చదివాను. ఇరవై ఏళ్ల తరవాత ఒకే ఊళ్లో తారసపడిన పాత ప్రేమికులను చివరి పది పేజీల్లో రైల్వే ప్లాట్‌ఫారం మీద ఒక్కటి చేశావు. ఆ పని చేయవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

2025లో విడుదలైన ‘ద బ్యాలడ్ ఆఫ్ వాలిస్ ఐలండ్’ అనే బ్రిటిష్ చిత్రాన్ని, షూటింగ్ మొదలుపెట్టే లోపల తప్పకుండా చూడు. రెండుసార్లు లాటరీ తగిలి, మారుమూల దీవిలో ఒంటరిగా ఉంటున్న చార్లెస్, తనకు ప్రాణమైన జానపద గాయకుడు హెర్బ్‌ను పెద్ద మొత్తం ఇచ్చి కచేరీకి పిలిపిస్తాడు. పడవ దిగుతూనే నీళ్లలో పడి తడిసి ముద్దయిన ఆ గాయకుడికి, శ్రోత ఒక్కడేనని మొదట తెలియదు; ఒకప్పుడు తనతో కలిసి పాడి, తన ప్రేమనూ పంచుకున్న నెల్‌ను కూడా పిలిచారనీ తెలియదు. ఆమె భర్తతో సహా వస్తుంది. పాత పాటలు కలిపి పాడుతున్నప్పుడు ఆ గొంతులు ఎంత చక్కగా ఒదిగినా, ఆమె అతని జీవితంలోకి తిరిగి రాదు. పోయిన ప్రేమ పోయినట్టే ఉంటుంది. దాని పక్కన, ఏ మాత్రం పొసగరనుకున్న ఇద్దరు మగవాళ్ల మధ్య స్నేహం మొలుస్తుంది.

నువ్వు బాగా గమనించవలసింది చార్లెస్ మాటలను. అతను క్షణం ఆగకుండా మాట్లాడుతూనే ఉంటాడు, అర్థం లేని చమత్కారాలు చేస్తూనే ఉంటాడు. మొదట మనకు నవ్వొస్తుంది, కాసేపటికి విసుగొస్తుంది, ఆ పాటలంటే అతని భార్యకూ ప్రాణమనీ, ఆమె చనిపోయిందనీ తెలిశాక మాత్రం, ఆ మాటలన్నీ ఇంట్లోని నిశ్శబ్దాన్ని తరిమికొట్టడానికేనని అర్థమవుతుంది. చూశావా, నవ్వూ దుఃఖమూ ఒకే అలవాటులోంచి పుట్టాయి. నీ స్క్రిప్టులో లాడ్జి మేనేజరుకు నత్తి పెట్టి నవ్వించాలని చూశావు. అది తీసెయ్యి. ఒంటరి మనిషిని చూసి జనం నవ్వవచ్చు గాని, ఆ నవ్వు అతన్ని చిన్నబుచ్చకూడదు.

డబ్బు తక్కువని దిగులు పడకు. ‘వాలిస్ ఐలండ్’ తీసిన జట్టే 2007లో ఇదే కథను లఘుచిత్రంగా తీసింది; దర్శకుడు జేమ్స్ గ్రిఫిత్స్, రచయితలు టామ్ బాస్డెన్, టిమ్ కీ. ఆ రచయితలిద్దరే హెర్బ్‌గా, చార్లెస్‌గా నటించారు. అన్నేళ్లు మనసులో నానిన కథను, పూర్తి సినిమాగా వేల్స్ తీరంలో 18 రోజుల్లో చిత్రీకరించారు. మన దగ్గర 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ తీసిన వెంకటేశ్ మహా కూడా విశాఖలోని ఆ పేటనే నమ్ముకుని, అక్కడి మనుషులతోనే ఎక్కువ పాత్రలు వేయించారు. నువ్వూ సెట్టు వేయవద్దు, నిజమైన లాడ్జి వెతుక్కో. పాటలు మాత్రం షూటింగుకు ముందే సిద్ధం చేయించు. బాస్డెన్ తన పాటలు తానే రాసుకున్నారు కాబట్టే, ఆ జంట పాటలను ఒకప్పుడు జనం ప్రేమించారంటే మనం నమ్ముతాం.

ఎడిటింగు గదిలో నేను చేసిన ఒక తప్పు కూడా చెప్పాలి. ఒక సినిమాలో భార్య పోయిన ముసలాయన కంచం కడుక్కునే షాటు పొడవుగా ఉందని సగానికి కోశాను. హాల్లో చూస్తే ఆ పాత్ర ఎవరి మనసుకూ తగల్లేదు. ఇప్పటికీ అది నన్ను బాధిస్తూనే ఉంటుంది.

నీ అరవయ్యో పేజీలో మేనేజరు అలవాటు కొద్దీ రెండు గ్లాసుల్లో టీ పోసి, ఒకటి తాగి, రెండోదాని మీద మీగడ కట్టేదాకా చూస్తూ కూర్చుంటాడు. అది చదివి నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు కళ్లు మూసుకున్నాను. నీ సినిమా అక్కడుంది నాయనా. ప్లాట్‌ఫారం సన్నివేశం కొట్టేసి, ఆ రెండో గ్లాసు ఎవరు, ఏ రోజున అందుకుంటారో రాసి నాకు పంపు.

ఇట్లు,
నీ పెదనాన్న