అగాథా క్రిస్టీ రాసిన డిటెక్టివ్ పాయిరో నవలలు మొదటి నుంచి వరుసగానే చదవాలా?

వరుస గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. 1920లో వచ్చిన మొదటి నవల నాటికే పాయిరో బెల్జియం పోలీసు ఉద్యోగం నుంచి రిటైరై, మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండుకు శరణార్థిగా వచ్చిన మనిషి. అక్కడి నుంచి 33 నవలల్లోనూ పెద్దాయనగానే తిరుగుతుంటాడు. మొదట్లోనే అంత వయసు పెట్టి తప్పు చేశానని, లెక్కేస్తే ఆయనకు వందేళ్లు ఎప్పుడో దాటి ఉంటాయని క్రిస్టీయే ఆత్మకథలో రాసుకుంది. రాసినావిడకే కుదరని లెక్క మనకెందుకు? ఒక్క ‘కర్టెన్’ మాత్రం చివరికి ఉంచుకోండి. అందులో ఆయన చనిపోతాడు. 1975లో న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలోనే మరణవార్త వేసేసింది, కాబట్టి గుట్టు విప్పిన పాపం నాది కాదు.

అసలు ఈ నవలల్లో మజా అంతా ఆయన రిటైరైన మనిషి కావడంలోనే ఉంది. లాఠీ లేదు, స్టేషన్ లేదు, ఎవరినీ పిలిపించే అధికారం లేదు. ఎదుటివాళ్లు వాళ్లంతట వాళ్లే మాట్లాడాలి. ఇది నేను తిరుపతిలో కళ్లారా చూశాను.

మా చిన్నాయన హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు. సర్వీసులో ఎక్కువకాలం స్టేషన్ రైటర్, అంటే స్టేషన్లో రికార్డులు రాసే పని. ఒకసారి కొర్లగుంటలో చుట్టాలింట్లో నామకరణం. భోజనాలయ్యాక చూస్తే చదివింపుల సంచి లేదు. అందరూ పనిమనిషి మీద పడ్డారు, అలవాటే కదా. స్టేషన్‌కు ఫోన్ చేస్తే, వచ్చి కాగితం రాసివ్వమని పెట్టేశారట. చిన్నాయన సంచి ఊసే ఎత్తలేదు. చదివింపులు రాసిన నోటుబుక్కు తెమ్మని, కళ్లజోడు పెట్టుకుని, “ఈ పాకాల వాళ్లు భోంచేసే పోయినారా? పుత్తూరు ఆయనకు కాలు బాగయిందా?” అని ఇంటామెను అడుగుతూ తీరిగ్గా కూర్చున్నాడు. నాకైతే ఒళ్లు మండిపోయింది.

నడిమధ్య కొన్ని పేర్లు వేరే చేతిరాతలో ఉన్నాయి. “ఇది ఎవురి రాత మ్మా?” అన్నాడు. రాసే పెద్దాయన తినడానికి లేచినప్పుడు పెన్ను అందుకున్నది ఆ ఇంటి అల్లుడట. ఆ అల్లుడేమో తాను పొద్దుట్నుంచీ మిద్దె మీద వడ్డన దగ్గరే ఉన్నానని అంతకుముందే అందరికీ చెప్పి ఉన్నాడు. చిన్నాయన నోటుబుక్కు మూసి, “రా నాయనా, టీ తాగొద్దాం” అని భుజం మీద చెయ్యేసి తీసుకుపోయాడు. ఏం మాట్లాడాడో ఇప్పటికీ చెప్పడు. దీపాలు పెట్టే వేళకు సంచి బియ్యం డ్రమ్ము వెనకాల “దొరికింది”. పిల్లలెవరో పెట్టుంటారులే అనుకున్నారు. పనిమనిషికి మాత్రం ఒక్కరూ సారీ చెప్పలేదు.

పాయిరోతో నాకు పేచీ ఇక్కడే. అందరినీ హాల్లో కూర్చోబెట్టి దోషి పేరు చదువుతాడు. మన ఇళ్లలో ఆ పని చేస్తే ఆడపిల్ల కాపురం ఏమైపోవాలి?

మొదలుపెట్టడానికైతే 1926 నాటి ‘మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’ తీసుకోండి. రిటైరై పల్లెటూళ్లో గుమ్మడి జాతి కాయలు పండించుకుంటూ, విసుగొచ్చి ఒకటి గోడ అవతలికి విసిరేసే పాయిరో అందులోనే ఉన్నాడు. అయితే కొత్త పుస్తకమే కొనండి. నేను అద్దె పుస్తకాల షాపులో తెచ్చుకున్న కాపీలో ఎవరో పుణ్యాత్ముడు హంతకుడి పేరు కింద పెన్సిల్‌తో గీత గీసి, పక్కన పరీక్ష పేపరు దిద్దినట్టు టిక్కు కూడా పెట్టాడు. అదీ రెండో అధ్యాయంలోనే.