మైదాకుతో జుట్టు ఎర్రగా చేసుకోవచ్చా? ముందు ఆ పొక్కుల సంగతి తేల్చుకోండి

ప్రశ్న: నా వయసు 29. మాది చండూరు దగ్గర పల్లె. జుట్టు నల్లగా ఉంటుంది. వచ్చే నెలలో తమ్ముడి పెండ్లి. అప్పటికి జుట్టు ఎర్రగా కనబడాలని మైదాకు పెట్టుకుందామనుకుంటున్నా. కెమికల్ రంగులంటే భయం, మైదాకు అయితే ఆకే కదా అని ధైర్యం. మా అత్తమ్మ ఇనుప కడాయిలో రాత్రంతా నానబెట్టమంటోంది. స్నేహితురాలు బీట్‌రూట్ రసం కలపమంటోంది. పార్లర్‌లో అడిగితే రెడ్ హెన్నా ప్యాకెట్ వేస్తామన్నారు. ఏది మంచిది, ఎన్ని గంటలు ఉంచాలి? నాకు ఏడు నెలల బాబు, పాలిస్తున్నాను. మూడు నెలల నుంచి జుట్టు బాగా రాలుతోంది, కొంచెం పని చేసినా అలసట వస్తోంది. మా బోరు నీళ్ల వల్లేనా? నిరుడు శ్రీమంతానికి కోను పెట్టించుకుంటే చేతుల మీద దురద, నీటి పొక్కులు వచ్చాయి. మెడికల్ షాపులో ఆయింట్‌మెంట్ ఇచ్చారు, వారంలో తగ్గాయి.
– ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన విషయం మొదట రాయాల్సింది. ఎన్ని గంటలు ఉంచాలన్నది తర్వాత మాట్లాడుకుందాం. కోను పెట్టిన చోట దురద పుట్టి నీటి పొక్కులు లేచాయంటే నేను ముందుగా అనుమానించేది అలర్జీనే. మీ చేతులు నేను చూడలేదు కాబట్టి అదేనని తేల్చి చెప్పను. కానీ అది తేలేదాకా మైదాకు పేరున్న ఏ ప్యాకెట్టూ తల మీద పెట్టకండి. పార్లర్ వాళ్ల రెడ్ హెన్నా అయితే అసలే వద్దు.

ఒక్కసారి గుర్తు చేసుకోండి. పొక్కులు చేయంతా వచ్చాయా, లేక కోనుతో పువ్వు, తీగ ఎలా గీశారో అచ్చం ఆ గీతల మీదే లేచాయా? గీతల వెంటే లేచి ఉంటే నా అనుమానం ఇంకా బలపడుతుంది. ఇప్పుడు కూడా చేతులు పగటి వెలుతురులో పెట్టి చూడండి. ఆ పాత డిజైన్ వెంట చర్మం కాస్త తెల్లబారిగానీ నల్లబారిగానీ ఉందేమో. కొందరికి ఆ మచ్చలు నెలల తరబడి పోవు.

మైదాకు ఆకే, కాదనను. పెరట్లో చెట్టు నుంచి తెంపి రోట్లో రుబ్బి పెట్టుకునే ఆకుతో అలర్జీ చాలా అరుదు. ఆషాఢంలో మన ఆడవాళ్లు ఎన్నో తరాలుగా పెట్టుకుంటున్నారు. ఆ ఆకులో లాసోన్ అనే రంగు పదార్థం ఉంటుంది. అది చర్మంలోని, వెంట్రుకలోని కెరటిన్ అనే ప్రొటీన్‌కు పట్టుకుంటుంది. పట్టుకోవడానికి టైం పడుతుంది. అసలు మైదాకు కడిగిన వెంటనే నారింజ రంగులో ఉండి, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. అరగంటలో నల్లగా, కాఫీ రంగులో పండే కోనులో ఆకు కాక ఇంకేదో ఉందనే అర్థం. చాలాసార్లు ఆ ఇంకేదో పారా ఫినైలిన్ డయమిన్. పీపీడీ అంటాం. తలకు వేసే నల్ల రంగుల్లో ఉండేదీ అదే. తలరంగులో కలిపి రాసేటప్పుడు 2 శాతం దాటకూడదని యూరప్‌లో నియమం, చర్మం మీద నేరుగా పెట్టడానికి అక్కడ అనుమతే లేదు. మన దగ్గర పెండ్లిళ్లలో వేసే కోనుల్లో ఎంత కలుపుతున్నారో ఎవరు చూస్తున్నారు? కొన్ని ఎర్ర హెన్నా, బర్గండీ ప్యాకెట్లలో కూడా పీపీడీగానీ, సోడియం పిక్రమేట్ లాంటి రంగులుగానీ ఉంటాయి. ముందు పక్క పచ్చటి ఆకు బొమ్మ, వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఈ పేర్లు. ప్యాకెట్ తిప్పి చదవండి. చదవడానికి ఏమీ రాయకపోతే అది ఇంకా అనుమానించాల్సిన ప్యాకెట్.

ఇంత చెప్పడానికి కారణం ఉంది. పీపీడీ ఒకసారి పడలేదంటే శరీరం దాన్ని సాధారణంగా జీవితాంతం గుర్తుపెట్టుకుంటుంది. మొదటిసారి చేతి మీద పొక్కులతో పోయింది కదా అని రెండోసారి తలకు పెడితే, మాడు మీద పుండ్లు పడి రసి కారవచ్చు. నుదురు, చెవులు, కనురెప్పలు వాచి కళ్లు తెరవలేని స్థితిలో వచ్చినవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లలో ఎక్కువమంది చెప్పేది ఒకటే మాట: "పోయినసారి కొంచెం దురద వచ్చింది సార్, ఆయింట్‌మెంట్ రాస్తే పోయింది."

ఇక ఆ ఆయింట్‌మెంట్ సంగతి. ఈ మాట మీద నాకు కోపం రావడం మీ మీద కోపం అనుకోకండి. మీరు అప్పుడు నిండు గర్భిణి. పేరు తెలియని ట్యూబు, డాక్టర్ చీటీ లేకుండా, వారం రోజులు రాశారు. దాని పేరు ఇప్పటికీ మీకు తెలియదు, ఉత్తరంలో రాయలేదు. మెడికల్ షాపుల్లో దురద అనగానే చేతికిచ్చే ట్యూబుల్లో చాలావాటిలో బలమైన స్టెరాయిడ్ ఉంటుంది. దాంతోపాటు ఒక యాంటీబయోటిక్, ఒక తామర మందు కలిపి ఉంటాయి. ఏ జబ్బో తెలియనివాళ్లు అన్నిటికీ కలిపి ఇచ్చే మందు అది. మంట, దురద రెండు రోజుల్లో తగ్గుతాయి, అది నిజమే. మనకు జబ్బు పోయిందనిపిస్తుంది. అలర్జీ మాత్రం ఎక్కడికీ పోదు. పొక్కులు ఉండగా మీరు చూపించుకుని ఉంటే ఐదు నిమిషాల్లో తేలే సంగతి, ఇప్పుడు ఏడాది తర్వాత పరీక్ష పెట్టి వెతకాల్సి వస్తోంది.

చాలా స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. అయినా నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ, ఎక్కడికెళ్లినా పేరు చెప్తే చాలు ఇస్తున్నారు. ఇంట్లో ఆ ట్యూబు సగం మిగిలి ఉంటుంది. దాన్నే మరదలు మొటిమలకు రాస్తుంది, మామయ్య తొడల్లో తామరకు రాస్తాడు, ఎవరో ఒకరు పిల్లవాడి డైపర్ దద్దుకు రాస్తారు. మొహం చర్మం పలచబడి, ఎర్రబడి, ఎండలోకి వెళ్తే మండిపోతుంది. తామర లోపల్లోపల పాకి ఒళ్లంతా అవుతుంది. ఈ రోజుల్లో తామర మొండికేయడానికి ఈ ట్యూబులు పెద్ద కారణం. మీ ఇంట్లో మిగిలిన ట్యూబు ఉంటే ఎవరికీ ఇవ్వకండి, బాబుకు అసలే రాయకండి. చర్మ డాక్టర్‌కు చూపించడానికి మాత్రం దాచండి. ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుని పెండ్లి రోజు గట్టెక్కుదామనే ఆలోచన కూడా వద్దు.

సరే, మీరు అడిగింది. జుట్టు ఎర్రగా అవుతుందా? మీ జుట్టు నిజంగా నల్లగా ఉంటే, మీరు అనుకుంటున్న ఎరుపు మైదాకుతో రాదు. మైదాకు వెంట్రుకలోని నలుపును తగ్గించదు, పైన తన రంగు పూస్తుంది అంతే. పోచంపల్లి, పుట్టపాక నేతవాళ్లను అడిగినా చెప్తారు, నల్ల నూలు మీద ఎరుపు అద్దితే ఏం కనబడుతుందని. ఎండలో నిలబడితే కాస్త ఎర్రటి మెరుపు కనబడుతుంది. ఫంక్షన్ హాల్ లైట్ల కింద నల్లగానే ఉంటుంది. అక్కడక్కడ తెల్ల వెంట్రుకలు ఉంటే అవి మాత్రం నారింజ రంగులో బయటపడతాయి. గంటలు పెంచినంత మాత్రాన ఇది మారదు. ఇనుప కడాయిలో నానబెడితే రంగు ఇంకా ముదురుతుంది, మీరు కోరుకున్న దానికి అది ఎదురు. మీ అత్తమ్మ పద్ధతి తెల్ల వెంట్రుకలను ముదురు రంగుకు తేవడానికి పనికొచ్చేది, ఆమె అనుభవంతోనే చెప్పి ఉంటారు. బీట్‌రూట్ రంగు వెంట్రుకకు పట్టదు, తలస్నానంతో పోతుంది, దిండు గలీబు మాత్రం ఎర్రగా అవుతుంది.

నల్ల జుట్టు నిజంగా ఎర్రగా కావాలంటే ముందు బ్లీచ్ చేయాలి. మీ పరిస్థితిలో దానికి నేను ఒప్పుకోను. మైదాకు పొడుల్లో కొన్నిటిలో లోహ లవణాలు కలుపుతారు. అలాంటిది పెట్టిన జుట్టు మీద బ్లీచ్ వేస్తే వేడెక్కి వెంట్రుక తెగిపోవచ్చు. పెండ్లిలో ఎర్రటి పాయలు కనబడాలన్నదే కోరిక అయితే, రంగు వేసిన పాయలు క్లిప్‌తో పెట్టుకునేవి దొరుకుతాయి. సాయంత్రం తీసేయవచ్చు.

ఇంట్లో చెవి వెనక కొంచెం రాసి చూసుకుంటా అంటారేమో. మామూలుగా అందరికీ నేను చెప్పే సలహా అదే. ఏ రంగైనా సరే మోచేతి మడతలోనో చెవి వెనకో రూపాయి బిళ్లంత రాసి, 48 గంటలు ఆగి చూడండి అంటాను. ఒకసారి పొక్కులు లేచిన మీకు మాత్రం ఆ సలహా వర్తించదు. మీరు ఇంట్లో ప్రయోగం చేయకండి. చర్మవ్యాధుల డాక్టర్ దగ్గర ప్యాచ్ టెస్ట్ చేయించుకోవాలి. వీపు మీద చిన్న పట్టీలు అంటించి, రెండు రోజులకు తీసి, మళ్లీ మూడో రోజో నాలుగో రోజో చూస్తాం. ఈలోపు వీపు తడవకూడదు, పరీక్షకు ముందు స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు తీసుకుంటే ఫలితం తప్పుగా రావచ్చు. పాలిస్తున్నారు కాబట్టి ఇప్పుడే చేయాలా, కొన్నాళ్లు ఆగాలా అన్నది మిమ్మల్ని చూశాకే చెప్పగలం. పెండ్లి తేదీ కోసం దీన్ని హడావుడి చేయకండి.

పరీక్షలో పీపీడీ పడదని తేలితే ఆ మాట ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోవాలి. అలాంటివాళ్లలో కొందరికి బెంజోకైన్ అనే మత్తు మందు, కొన్ని బట్టల రంగులు కూడా పడవు. పంటి డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందే చెప్పాలి.

జుట్టు రాలడం గురించి. బాబు పుట్టిన మూడు నాలుగు నెలలకు మొదలైందంటే కాన్పు తర్వాత వచ్చే రాలడమే కావచ్చు. చాలామందికి బిడ్డకు ఏడాది వచ్చేసరికి సర్దుకుంటుంది. కానీ అలసట కూడా రాశారు. దాన్ని బాలింత అలసట అని వదిలేయను. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించండి. కాన్పు తర్వాత కొందరికి థైరాయిడ్ తేడా చేస్తుంది, రక్తం తక్కువ ఉండటం మన దగ్గర మామూలే. కాన్పప్పుడు ఇచ్చిన ఐరన్ మాత్రలు ఎన్నాళ్లు మింగారో నిజం చెప్పండి. మైదాకు పెడితే వెంట్రుక కాస్త లావుగా అనిపిస్తుంది, అంతేగానీ రాలడం ఆగదు.

బోరు నీళ్లంటారా, మన జిల్లాలో ప్రతి కష్టానికీ ఫ్లోరైడ్‌నే అంటాం, అలా అనడానికి ఇక్కడ తరాలు పడ్డ బాధే కారణం. అది దెబ్బతీసేది ప్రధానంగా పళ్లను, ఎముకలను. కఠిన జలంతో తలస్నానం చేస్తే జుట్టు బిరుసెక్కుతుంది, చిక్కుపడి తెగుతుంది. కుదుళ్ల నుంచి గుప్పిళ్లుగా రాలుతుంటే ముందు రక్త పరీక్షే. తాగడానికి, వంటకు మాత్రం మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడండి.

బాబు విషయం ఒకటి మర్చిపోకముందే చెప్తాను. ముద్దుగా ఉంటుందని పసివాడి అరచేతులకు, పాదాలకు మైదాకు పెట్టకండి, చెట్టు ఆకు అయినా సరే. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతోనే ఉండే పిల్లలు ఉంటారు, ఎక్కువగా మగపిల్లలు. మైదాకు రంగు చర్మం ద్వారా లోపలికి వెళ్లి వాళ్ల ఎర్ర రక్త కణాలను పగలగొట్టవచ్చు. కామెర్లు, పాలిపోవడం, మూత్రం కోకాకోలా రంగులో రావడం జరిగితే అదే రోజు పిల్లల డాక్టర్‌కు చూపించాలి. ఇంట్లో తలరంగు ప్యాకెట్లు, సీసాలు ఉంటే పిల్లల చేతికి అందని చోట, తాళం వేసి పెట్టండి. పీపీడీ కడుపులోకి వెళ్తే గొంతు వాచి ఊపిరి అందదు, కండరాలు, కిడ్నీలు దెబ్బతింటాయి.

ఇది చదివేలోపే ఎవరైనా తలకు ఏదైనా పెట్టేసుకుని దురద మొదలైతే, టైం కాలేదని ఆగకండి. వెంటనే ధారగా నీళ్లు పోసి కడిగేయండి. నిమ్మకాయ రుద్దకండి. పెదాలు, నాలుక వాచినా, ఊపిరి బరువుగా ఉన్నా, కళ్లు తిరిగినా 108కి ఫోన్ చేయండి. సందు చివరి మెడికల్ షాపుకు వెళ్లి సమయం పోగొట్టుకోవద్దు.

అమ్మా, మీరు ఈ వారంలోనే వీలు చూసుకుని నల్గొండ పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగానికి గానీ, మీకు దగ్గర్లోని చర్మ డాక్టర్ దగ్గరికి గానీ వెళ్లండి. శ్రీమంతం ఫోటోల్లో చేతులు కనబడేవి ఫోన్‌లో ఉంటే తీసి పెట్టుకోండి, ఆ ట్యూబు, కాన్పు కాగితాలు వెంట తీసుకెళ్లండి. గోళ్లకు మైదాకుగానీ నెయిల్ పాలిష్‌గానీ లేకుండా వెళ్లండి. గోళ్లు పాలిపోయాయో లేదో కూడా చూడాలి.