‘ఆలస్య వ్యవస్థలు’ అనవచ్చా?

సందేహం: మా అన్నయ్య 30 ఏళ్లు ఇంజినీరింగ్ కాలేజీలో కంట్రోల్ థియరీ చెప్పి, టైమ్ డిలే సిస్టమ్స్ మీద పరిశోధన చేసి వచ్చే నెల రిటైరవుతున్నారు. సభలో చదవడానికి తెలుగులో పరిచయం రాస్తున్నాను. ‘ఆలస్య వ్యవస్థలు’ అనాలా, ‘కాల విలంబ వ్యవస్థలు’ అనాలా?

సమాధానం: ‘ఆలస్యం’ వద్దండి. సంస్కృతంలో ఆ మాటకు బద్ధకం అని అర్థం. తెలుగులో ఆ అర్థం దాదాపు పోయింది గానీ, రావలసిన వేళకు రాలేదన్న ఫిర్యాదు మాత్రం మిగిలింది. మీ అన్నయ్యగారి డిలే అది కాదు. గీజర్ ట్యాప్ తిప్పాక వేడినీళ్లు పైపులోంచి రావడానికి కాస్త టైం పడుతుంది, ఈలోపు ఇంకా చల్లగానే ఉన్నాయని మరికాస్త తిప్పుతాం, తీరా వచ్చాక ఒళ్లు కాలుతుంది, వెనక్కి తిప్పితే మళ్లీ చన్నీళ్లు. ఈ ఊగిసలాట ఆపడమెలా అన్నదే వాళ్ల ప్రశ్న. భూమి నుంచి అంగారకుడికి రేడియో సంకేతం చేరాలంటే దూరాన్ని బట్టి సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. కాంతివేగంతో వెళ్లేదాన్ని ఆలస్యంగా వెళ్లిందని ఎలా అంటాం?

‘విలంబం’ అర్థానికి చక్కగా సరిపోతుంది, కానీ సంగీతం నేర్చినవాళ్లకు తప్ప సభలో ఎవరికీ చప్పున అందదు. నేనైతే ‘జాప్యం’ అంటాను. ‘ఆలస్యంగా వచ్చాడు’ అంటాం, ‘జాప్యంగా వచ్చాడు’ అనం. ‘చెల్లింపుల్లో జాప్యం’ అంటాం. అంటే జాప్యం మనిషికి కాదు, జరిగే పనికి అంటుకునే మాట. ఇందులోనూ కొంచెం నింద లేకపోలేదు, అయినా ఇదే దగ్గర. దానికి ముందు ‘కాల’ అక్కర్లేదు. ‘జాప్య వ్యవస్థలు’ అని సమాసం చేస్తే పనులు తేల్చని వ్యవస్థలని వినబడుతుంది, అందుకే విడదీసి ‘జాప్యంతో కూడిన వ్యవస్థలు’ అనండి.

‘కంట్రోల్’కు ‘నియంత్రణ’ అనే మాటే ఉంచండి. ధరల నియంత్రణలాగా అణచిపెట్టడమని అనుకోకుండా ‘కోరిన తీరులో నడిపించడం’ అని ఒక ముక్క చేర్చండి చాలు. గుంటూరులో పుట్టిన మాతుకుమల్లి విద్యాసాగర్‌గారు ఈ శాస్త్రంలో ఎంతో పేరు తెచ్చుకుని 2012లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు, అయినా ఆ శాస్త్రం గురించి తెలుగులో నాలుగు మాటలు చెప్పడానికి మనం ఇంకా తడుముకుంటున్నాం, అది నాకు బాధగానే ఉంటుంది.

ఇలాంటి జాప్యాన్ని ముందే లెక్కలోకి తీసుకుని నడిపించడానికి 1957లో ఒటో స్మిత్ చూపిన పద్ధతి ప్రస్తావన వస్తే ‘స్మిత్ ప్రిడిక్టర్’ అనే రాయండి. ఈ జాప్యానికే ఇంకో పేరైన ‘డెడ్ టైమ్’ను ‘మృతకాలం’ మాత్రం చేయకండి.

మీ వాక్యం ఇలా ఉండవచ్చు: ‘ఆదేశం ఇచ్చాక ఫలితం కనబడేలోపు జాప్యం తప్పని యంత్రాలను నిలకడగా నడిపించడం ఎలాగో మా అన్నయ్య 30 ఏళ్లు పరిశోధించారు.’