ఓఏఈలో ‘రిఫర్’ అంటే చెవుడని కాదు

పుట్టిన రెండో రోజు చేసిన ఓఏఈ (పసిపిల్లల వినికిడిని చూసే తొలి పరీక్ష)లో పాప ఎడమ చెవికి ‘రిఫర్’, అంటే మళ్లీ పరీక్షించాలని, వచ్చిందని మీరు రాశారు. కంగారు పడకండమ్మా, అది చెవుడని తేల్చిన మాట కాదు. లోపలి చెవిలోని వెలుపలి రోమకణాలు శబ్దానికి స్పందించి, తామూ ఒక సన్నని ధ్వనిని బయటికి పంపుతాయి. 1978లో శాస్త్రవేత్త డేవిడ్ కెంప్ లండన్‌లో కనిపెట్టింది దీన్నే. పాప చెవిలో పెట్టిన ఆ మెత్తని బిరడాలోని మైకు కొలిచేదీ దాన్నే. పుట్టిన కొత్తలో చెవి దారిలో తెల్లటి జిగురు, మధ్య చెవిలో నీరు ఉంటే ఆ ధ్వని మైకు దాకా రాదు. కొన్ని వారాలాగి, పాప పాలు తాగి నిద్రపోయాక మళ్లీ చేయించండి. అప్పుడూ రిఫర్ వస్తే మూడు నెలలు నిండేలోపే బెరా (శబ్దానికి వినికిడి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో చూసే) పరీక్ష తప్పనిసరి. పుట్టగానే ఐసీయూలో ఉంచి ఉంటే, లేదా కామెర్లు తీవ్రంగా వచ్చి ఉంటే, ఓఏఈ పాసైనా సరే బెరా చేయించండి. ఎందుకంటే వినికిడి నరం సంగతి ఓఏఈతో తెలియదు.