1950 నాటి పెన్సిల్వేనియా బాక్స్‌కారుకు మూడు కిట్లలో ఏది సరైనది?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీరు హెచ్‌ఓ స్కేలులో (అసలు రైలులో 87వ వంతు సైజు మోడళ్లు) 1950 నాటి పెన్సిల్వేనియా రైల్‌రోడ్ లైనును నిర్మిస్తున్నారు. చరిత్రకు కట్టుబడిన తొలి బాక్స్‌కారు (అన్ని వైపులా మూసి ఉన్న సరుకు పెట్టె) కోసం మూడు కిట్లు చూసి పెట్టుకున్నారు: నిచ్చెనలు గోడకే అచ్చుపోసి ఉన్న చవక ప్లాస్టిక్ కిట్, రెడ్ కబూస్ కంపెనీ వారి ఎక్స్29 (పెన్సిల్వేనియా వారి ఒక బాక్స్‌కారు తరగతి) కిట్, చెక్క పక్కలున్న పాత పెట్టెకు సంబంధించిన రెసిన్ కిట్. వీటిలో రెండవది తీసుకోండి. పదహారేళ్లుగా పెన్సిల్వేనియాలోని హారిస్‌బర్గ్ దగ్గర ఉంటూ ఇవే పెట్టెలు కడుతున్నవాణ్ణి కనుక, ఈ మాటకు కారణం కూడా చెబుతాను. తరువాతి కిట్లను మీరే ఎంచుకోవలసి ఉంటుంది కదా.

నేను విజయవాడ యార్డు పక్కన పెరిగాను. అక్కడ బీసీఎక్స్ అనే మూసిన గూడ్సు వ్యాగను మీద దక్షిణ మధ్య రైల్వే అక్షరాలున్నా, తూర్పు రైల్వే అక్షరాలున్నా పెట్టె మాత్రం ఒకటే. అందువల్ల అమెరికా వచ్చిన కొత్తలో నలభై అడుగుల బాక్స్‌కారు అంటే నలభై అడుగుల బాక్స్‌కారే అనుకున్నాను. ఇక్కడ అది నిజం కాదు. ప్రతి కంపెనీ తనకు నచ్చిన తలుపు, తనకు నచ్చిన పైకప్పు, తనకు నచ్చిన చివరి గోడలు పెట్టించుకుంది, వాటిని పదేళ్లకోసారి మార్చింది కూడా. కిట్ తయారీదారు ఒకే అచ్చులో పోసిన పెట్టె మీద ముప్పై కంపెనీల రంగులు వేసి అమ్మినప్పుడు, వాటిలో నిజానికి సరిపోయేవి ఏ నాలుగైదో ఉంటాయి.

అన్నిటికంటే ముందు చూడవలసింది లోపలి ఎత్తు. 1923లో అమెరికన్ రైల్వే అసోసియేషన్ ప్రతిపాదించిన ఉక్కు పెట్టె లోపలి ఎత్తు 8 అడుగుల 7 అంగుళాలు. 1932 నాటి నమూనాకు అది 9 అడుగుల 4 అంగుళాలయింది. 1937 నమూనాకు 10 అడుగులు, ఆ తరువాత సవరించిన రూపానికి 10 అడుగుల 6 అంగుళాలు అయింది. హెచ్‌ఓలో అడుగుకు మూడున్నర మిల్లీమీటర్లు కనుక, మొదటి దానికీ చివరి దానికీ మధ్య దాదాపు 6.7 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. ఇది చిన్న సంఖ్యలా కనిపించవచ్చు కానీ, రెండు పెట్టెలను కలిపి నడిపితే పైకప్పు గీత మెట్టులా విరిగి దూరం నుంచే కంటికి తగులుతుంది. నా మొదటి కొనుగోలు సరిగ్గా ఇలాంటిదే. ఎక్స్29 నంబరు వేసి ఉన్న రంగుల పెట్టె ఒకటి (తయారీదారు పేరు ఇక్కడ అనవసరం) మురిసిపోయి కొని, రెండు వారాలు కూర్చుని కట్టాను. ఆ తరువాత అసలైన ఎక్స్29 పక్కన పెట్టి చూస్తే, నాది పది అడుగుల ఆరు అంగుళాల పెట్టె. అక్షరాలన్నీ నిజమే, పెట్టే అబద్ధం.

పెన్సిల్వేనియా విషయంలో 1923 నమూనా ఎందుకు ముఖ్యమంటే, ఆ కంపెనీ దానినే ఎక్స్29 తరగతిగా తీసుకుని 1924 నుంచి దశాబ్దం పాటు 30,000కు దగ్గరగా తయారు చేయించింది. బాల్టిమోర్ అండ్ ఒహాయో వారి ఎం-26 తరగతి కూడా దాదాపు ఇదే. కాబట్టి 1950లో మీ లైను మీద ఎక్స్29 లేని గూడ్సు బండిని ఊహించడం కష్టం. అయితే ఎక్స్29లలోనూ రకాలున్నాయి. తొలి ఆర్డర్లవాటికి చివరి గోడలు మడతలు లేని చదును రేకులు, తరువాతి వాటికి అడ్డంగా ఉబ్బిన మడతలుండే డ్రెడ్‌నాట్ గోడలు. ఏళ్లు గడిచేకొద్దీ పక్క గోడల అడుగు భాగం తుప్పుపట్టడంతో చాలా వాటికి కింద అతుకు రేకులు వేశారు. ఆ అతుకులు ఉన్న పక్కలతో కూడా రెడ్ కబూస్ కిట్ వచ్చింది. 1950కి నేనైతే అదే వెతుకుతాను. నిల్వలు అయిపోయాయంటే పాత సామాను అమ్మే మోడల్ ప్రదర్శనల్లో అడగండి.

కిట్ ఏదైనా చివరి గోడలను ముందుగా చూడటం అలవాటు చేసుకోండి. డ్రెడ్‌నాట్ గోడ పై రేకు, కింది రేకు అని రెండు భాగాలుగా ఉంటుంది. 1932 రకానికి సాధారణంగా నాలుగూ నాలుగు మడతలు, పది అడుగుల ఆరు అంగుళాల రకానికి ఐదూ ఐదు ఉంటాయి. యుద్ధం చివరి రోజుల నుంచి మడతల రూపమే మారింది. వాలు మడతల పైకప్పు 1948 ప్రాంతంలో వచ్చింది. పుల్‌మన్-స్టాండర్డ్ కంపెనీ 1947 నుంచి చేసిన పీఎస్-1 అనే బాక్స్‌కారుకు గోడలూ పైకప్పూ ఆ కంపెనీ సొంతవి.

ఇక సంవత్సరం విషయం. మీ చవక కిట్ మీద నీడ గీత ఉన్న కీస్టోన్ (పెన్సిల్వేనియా కంపెనీ చిహ్నం) గుర్తు ఉందని రాశారు. అది 1954లో వచ్చింది, 1950కి వలయంలో ఉన్న కీస్టోనే సరైనది. ఖాళీ బరువు పక్కన వేసే తూకం తేదీని కూడా భూతద్దం పెట్టి చదవండి. అక్కడ 57 అని ఉంటే ఆ పెట్టె మీ లైనుకు ఏడేళ్ల తరువాత రావలసినది. బ్రేకుల దగ్గర మాత్రం మీకు వెసులుబాటు ఉంది. 1933 నుంచి కొత్త పెట్టెలకు ఏబీ అనే కొత్త రకం గాలి బ్రేకు తప్పనిసరి అయినా, కే అనే పాత రకం బ్రేకు ఉన్న పెట్టెలు ఇతర కంపెనీల లైన్ల మీదికి పోవడాన్ని 1953లో గాని ఆపలేదు. అందువల్ల ఎక్స్29 అడుగున ఏది పెట్టాలన్నది మీరు ఎంచుకున్న నంబరు ఫోటోయే తేల్చాలి.

నంబరు అన్నాను కనుక చెబుతున్నాను: కిట్‌ను చూసి నంబరు వెతకవద్దు, నంబరును చూసి కిట్ వెతకండి. ప్రతి కంపెనీ ఏ నంబరు వరుసలో ఎన్ని పెట్టెలు నడిపిందో, వాటి లోపలి పొడవు, ఎత్తు, తలుపు వెడల్పు ఎంతో అఫీషియల్ రైల్వే ఈక్విప్‌మెంట్ రిజిస్టరులో ఉంటాయి. 1953 జనవరి సంచిక పునర్ముద్రణ నా బల్ల మీదే ఉంటుంది. మూడేళ్లు అటూఇటూ అయినా మీకు బాగానే పనికివస్తుంది. కొలతలు దీనిలో చూసి, గోడలూ పైకప్పూ ఫోటోలో చూసి, ఆ తరువాతే డబ్బు తీయండి.

పెన్సిల్వేనియా బండిలో పెన్సిల్వేనియా పెట్టెలే ఉండాలని కూడా అనుకోవద్దు. బాక్స్‌కార్లు దేశమంతా తిరిగేవి, ఖాళీ అయినచోట మరో సరుకు ఎక్కించుకుని ఇంకోవైపు పోయేవి. కాబట్టి మీ రెండవ కిట్‌గా ఇంటర్‌మౌంటెన్ అనే మోడల్ కంపెనీ వారి 1937 రకం పెట్టెను పడమటి కంపెనీ ఏదైనా రంగుల్లో తీసుకోండి, పొట్టి ఎక్స్29 పక్కన దాని ఎత్తు సహజంగానే కనిపిస్తుంది. నిచ్చెనలు అచ్చుపోసిన కిట్లను నేను తీసిపారేయను. అలాంటి కిట్లు చేసే అక్యురెయిల్ కంపెనీ పెట్టెలు నా దగ్గర డజనుకు పైగా ఉన్నాయి, పెట్టె ఆకారం సరైనదైతే అచ్చు నిచ్చెన మూడడుగుల దూరం నుంచి ఎవరికీ కనిపించదు. మీ చవక కిట్‌తో చిక్కు నిచ్చెనలు కావు, పైన చెప్పిన కీస్టోను.

రెసిన్ కిట్ విషయంలో మాత్రం ఆగండి. దాని భాగాలను సబ్బుతో కడగాలి, అంచుల్లో మిగిలిన పలుచని పొరలను గీకాలి, రుద్దేటప్పుడు దుమ్ము పీల్చకుండా ముక్కుకు మాస్కు పెట్టుకోవాలి, ప్రతి పట్టుకమ్మీకీ తీగ వంచి రంధ్రం వేయాలి. పైగా చెక్క పక్కల పెట్టెలు 1950 నాటికి తగ్గిపోతున్నాయి, మీ కిట్ వరుసలో ఎన్ని మిగిలాయో రిజిస్టరులో చూడకుండా దాని మీద నెల రోజులు వెచ్చించకూడదు. ప్రస్తుతానికి దానిని అటక మీద పెట్టి, ప్లాస్టిక్ పెట్టెలు రెండు మూడు కట్టాక దించండి.